కొలువుల గ్రూపులో జవాబుదారీ ఎవరు?

మహబూబాబాద్ జిల్లా నెల్లికుదురు లాంటి మండల కేంద్రంలో డిగ్రీ పూర్తిచేసిన అమ్మాయికో అబ్బాయికో ఇవాళ ఉద్యోగ ప్రకటనల కరువు లేదు. వాట్సాప్ గ్రూపుల్లో, టెలిగ్రామ్ ఛానెళ్లలో, ఫేస్‌బుక్ పేజీల్లో తెల్లారేసరికి ఖాళీల చిట్టా వచ్చి పడుతుంది. కంపెనీలు, వాటి తరఫున మనుషుల్ని వెతికిపెట్టే కన్సల్టెన్సీలు కూడా ఆ దారినే పట్టాయి. ఖాళీ ఏర్పడ్డాక ప్రకటన ఇచ్చి దరఖాస్తుల కోసం ఎదురుచూసే బదులు, పనికొచ్చే వాళ్లందరినీ ముందే ఒకచోట చేర్చి, మాటా మంతీ సాగిస్తూ, అవసరం పడ్డ నాడు వాళ్లలోంచి ఎంచుకోవడం మేలన్నది నియామక రంగంలో ఇప్పుడు బలంగా వినిపిస్తున్న మాట. దీనికి ఆ రంగంవాళ్లు పెట్టుకున్న పేరు టాలెంట్ కమ్యూనిటీ. పల్లె యువతకు ఇది కొత్త తలుపు అంటారు కొందరు. ఇప్పటికే పలుకుబడి ఉన్నవాళ్లకే ఇది అక్కరకొస్తుందంటారు మరికొందరు. మోసగాళ్లకు రాచబాట వేసిందని పోలీసులు హెచ్చరిస్తున్నారు. మూడు మాటల్లోనూ నిజం ఉంది కాబట్టే చర్చ ఇంతగా చిక్కుపడింది. గ్రూపు ఎంత పెద్దది, ఏ యాప్‌లో నడుస్తోంది అన్న లెక్కలకంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: అందులో చేరిన మనిషి అడిగినదానికి జవాబు చెప్పే బాధ్యత ఎవరిది? మిగతా వాదాల్లో చాలావాటి ముడి ఈ ప్రశ్న దగ్గరే విడుతుందన్నది ఈ వ్యాసం వాదన.

మేస్త్రి నుంచి అడ్మిన్ దాకా

పరిచయస్తుల గుంపులోంచి మనుషుల్ని పనికి కుదుర్చుకోవడం తెలుగువాళ్లకు కొత్త కాదు. వలస పాలన కాలంలో కోస్తా జిల్లాల నుంచి బర్మాకు కూలీలను మేస్త్రీలు తీసుకెళ్లారు. మలయా తోటలకు కంగాణీలు తీసుకెళ్లారు. కంగాణీ బయటి దళారి కాదు, ఆ తోటలోనే పనిచేస్తున్నవాడు. యజమాని ఇచ్చిన డబ్బుతో సొంత ఊరికి వచ్చి, బంధువుల్లోనూ కులంవాళ్లలోనూ మనుషుల్ని కూడగట్టేవాడు. తెలిసినవాడు కాబట్టి జనం నమ్మి వెంట వెళ్లారు. తెలిసినవాడు కాబట్టే బాకీ తీరకుండా పని వదిలి రావడం వాళ్లవల్ల కాలేదు. 1938లో భారత ప్రభుత్వం మలయాకు కూలీల వలసను ఆపేవరకూ ఆ ఏర్పాటు సాగింది. తర్వాతి కాలంలో పాలమూరు లేబర్‌ను దేశం నలుమూలలకూ ప్రాజెక్టు పనులకు తీసుకెళ్లిన గుంపు మేస్త్రీలు నడిపిందీ ఇంచుమించు ఇదే పద్ధతి. ముందుగా అడ్వాన్సు ఇస్తారు, ఆ అడ్వాన్సే కాలికి బంధమవుతుంది. నమ్మకం, కట్టుబాటు ఒకే పరిచయంలోంచి పుట్టడం ఈ చరిత్రలో గుర్తుంచుకోవలసిన విషయం.

స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం మధ్యవర్తిని తప్పించాలనుకుంది. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలకు ఖాళీలు తెలపడాన్ని తప్పనిసరి చేస్తూ 1959లో చట్టం వచ్చింది. ప్రైవేటు రంగంలో 25 మంది గానీ అంతకంటే ఎక్కువమంది గానీ పనిచేసే సంస్థలకు కూడా అది వర్తించింది. అయితే ఎక్స్ఛేంజీ పంపిన పేర్లలోంచే తీసుకోవాలన్న నిబంధన అందులో లేదు. తెలపాలి, అంతే. పేరు నమోదు చేసుకున్నవాళ్లు ఏళ్ల తరబడి కార్డు రెన్యూవల్ చేయించుకుంటూ కూర్చున్నారు, పిలుపు మాత్రం రాలేదు. ఇవాళ్టి టాలెంట్ కమ్యూనిటీ గురించి మాట్లాడేవాళ్లు ఈ అనుభవాన్ని పెద్దగా తలచుకోరు. నిజానికి ఇప్పటి గ్రూపులకు వచ్చిన జబ్బును మొదట చూపింది ఆ కార్డే.

ఆపై మార్పులు వేగంగా వచ్చాయి. 1997లో నౌక్రీ డాట్ కామ్, 2003లో లింక్డ్‌ఇన్ మొదలయ్యాయి. 2015లో కేంద్రం నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ తెచ్చింది. 2019లో వచ్చిన అప్నా యాప్ ఇంగ్లిషు రెజ్యూమెలు లేని శ్రామికులకోసం వృత్తుల వారీగా గ్రూపులు కట్టింది. వడ్రంగులకు ఒకటి, టెలికాలర్లకు ఒకటి, ఎలక్ట్రీషియన్లకు ఒకటి అన్నట్టు. రెండేళ్లకే ఆ సంస్థ విలువ వంద కోట్ల డాలర్లు దాటింది. 2022లో వాట్సాప్ ఒక గ్రూపులో 1,024 మంది దాకా చేరే వీలు కల్పించి, అనేక గ్రూపులను ఒక కప్పు కిందికి తెచ్చే ఏర్పాటునూ ప్రవేశపెట్టింది. దాంతో పెట్టుబడీ కార్యాలయమూ లేకుండా ఎవరైనా నియామకాల గ్రూపు నడపగలిగే రోజు వచ్చింది.

ఎవరి లెక్క వారిది

ఈ విషయం మీద నాలుగు ధోరణులు కనిపిస్తాయి. నియామకదారుల ధోరణి అందులో మొదటిది. వాళ్లకు కమ్యూనిటీ అంటే ఖర్చూ వ్యవధీ తగ్గించే సాధనం. ముందే పరిచయమున్న మనిషిని తీసుకుంటే పనిలో నిలబడతాడని, సంస్థ పేరు నలుగురి నోళ్లలో నానుతుందని వాళ్ల లెక్క. అమెరికాలో చెప్పుల వ్యాపార సంస్థ జాపోస్ 2014లో ఏకంగా ఉద్యోగ ప్రకటనలే మానేసి, ఆసక్తి ఉన్నవాళ్లు తమ ఆన్‌లైన్ బృందంలో చేరాలని కోరింది. ఆ ధోరణికి అది పరాకాష్ఠ. రెండోది పరిచయాలను అధ్యయనం చేసే సామాజిక శాస్త్రవేత్తలది. కొలువు దొరకడంలో ప్రకటనకంటే మనిషికి మనిషి అందించే సమాచారమే పెద్దదని, కాబట్టి గ్రూపు ఎవరెవరిని కలుపుతోందో చూడాలని వాళ్లంటారు. మూడోది ప్రభుత్వ వేదికల పక్షం. తెలంగాణలో నైపుణ్య శిక్షణకు టాస్క్, విదేశీ ఉద్యోగాలకు టామ్‌కామ్, కంపెనీలనూ ఉద్యోగార్థులనూ కలపడానికి డీట్ ఉన్నాయి. ఒకే నమ్మకమైన చోట అందరి వివరాలూ ఉంటే దళారి అవసరమే ఉండదన్నది ఈ పక్షం ఆశ. నాలుగోది శ్రామికుల పక్షం. యజమాని కట్టిన గ్రూపు యజమాని మాటే వింటుంది, పనిచేసేవాళ్లు తామే కట్టుకున్న గ్రూపులోనే జీతం నిజంగా ఎంతో, సూపర్‌వైజర్ ఎలాంటివాడో బయటపడుతుందని వీళ్ల వాదన. తెలంగాణలో క్యాబ్, డెలివరీ కార్మికుల సంఘాలు ఫోన్ గ్రూపులను ఈ పనికే వాడుకుంటున్నాయి.

పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. మొదటి ధోరణి వేగాన్ని కొలుస్తుంది, రెండోది విస్తృతిని, మూడోది నమోదుల సంఖ్యను, నాలుగోది నిజాన్ని. కొలబద్దలు వేరైనప్పుడు ఒకరి విజయం మరొకరికి వైఫల్యంలా కనిపించడం సహజం. వేలమంది నమోదయ్యారని అధికారి సంతోషపడే చోట, ఒక్క ఫోను రాలేదని ఉద్యోగార్థి బాధపడతాడు. ఇద్దరూ చెప్పేది ఒకే వేదిక గురించి.

పరిచయం తీసే తలుపు, పరిచయం కట్టే గోడ

ఆధారాలు ఎక్కువగా దొరికేది రెండో ధోరణి దగ్గరే కాబట్టి అక్కడ కాస్త ఆగాలి. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ఒక సంగతి బయటపెట్టాడు. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం సంపాదించిన వాళ్లలో, ఆ పరిచయస్తుణ్ణి తరచుగా కలుస్తున్నవాళ్లు ఆరింట ఒక వంతే. మిగతావాళ్లకు దారి చూపింది అప్పుడప్పుడూ కలిసేవాళ్లో, ఎప్పుడో గానీ కనపడనివాళ్లో. కారణం తేలికగానే అర్థమవుతుంది. రోజూ కలిసేవాళ్లకు మనకు తెలిసినదే తెలుసు. దూరపు పరిచయం వేరే లోకపు కబురు తెస్తుంది. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం దీన్ని 2 కోట్ల మంది లింక్డ్‌ఇన్ వాడకందార్ల మీద ప్రయోగపూర్వకంగా పరీక్షించింది. మరీ దగ్గరి పరిచయాలూ మరీ పలచటి పరిచయాలూ కాక, మధ్యస్థంగా ఉన్నవి ఎక్కువగా పనికొచ్చాయని తేల్చింది. అందులోనే ఇంకో ముఖ్యమైన ముక్క ఉంది. కంప్యూటర్ల వాడకం ఎక్కువున్న రంగాల్లో దూరపు పరిచయాలు బలంగా పనిచేశాయి, అది తక్కువున్న రంగాల్లో దగ్గరి పరిచయాలే మేలు చేశాయి.

ఓరుగల్లు ప్రాంతానికి ఈ రెండో ముక్క ఎక్కువ వర్తిస్తుంది. మడికొండ ఐటీ పార్కులో 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సైయెంట్ కార్యాలయాలు తెరుచుకున్నాయి. 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు కైటెక్స్, యంగ్‌వన్ లాంటి దుస్తుల తయారీ సంస్థలు వచ్చాయి. నెల్లికుదురులో ఒకే ఇంట్లో ఒకరు మొదటిదానికి, మరొకరు రెండోదానికి ప్రయత్నిస్తే వాళ్లిద్దరికీ కావలసిన గ్రూపు ఒకటే కాదు. ఐటీ కొలువు కోరేవారికి తమ మండలంలో ఎవరికీ తెలియని మనుషులతో సంబంధం కావాలి. అది లింక్డ్‌ఇన్ ఇవ్వగలదు, కనీసం ఇచ్చే వీలుంది. కుట్టుమిషన్ మీద పనికి వెళ్లాలనుకునే అమ్మాయికి, ఆమె తల్లిదండ్రులకు కావలసింది వేరు. బస్సు ఎక్కడిదాకా వస్తుంది, రాత్రి షిఫ్టు ఉందా, హాస్టల్ ఎలా ఉంటుంది, పీఎఫ్ కోత పోను చేతికి ఎంత వస్తుంది, శిక్షణ కాలంలో జీతం ఇస్తారా అన్న ప్రశ్నలకు ఇప్పటికే అక్కడ పనిచేస్తున్న పక్క ఊరి మనిషి చెప్పే జవాబే వాళ్లు నమ్ముతారు. కంపెనీ పెట్టే రంగుల పోస్టర్ ఆ పని చేయలేదు. టాలెంట్ కమ్యూనిటీ గురించి వచ్చే సలహాల్లో చాలాభాగం మొదటి రకం ఉద్యోగాన్ని మనసులో పెట్టుకుని రాసినవి. వాటిని రెండో రకానికి అతికిస్తే పోస్టులు పెరుగుతాయే తప్ప మనుషులు కదలరు.

అయితే దగ్గరి పరిచయమే మంచిదని వదిలేయడానికీ లేదు. మహబూబాబాద్ జిల్లా జనాభాలో మూడో వంతుకు మించి గిరిజనులే. తండాలో మొదటి తరం పట్టభద్రురాలికి హైదరాబాద్ కంపెనీల్లో సిఫారసు చేసే బంధువులు ఉండే అవకాశం తక్కువ. రెఫరల్ మీద నడిచే నియామకం ఆమెను పక్కన పెట్టాలని ఎవరూ అనుకోనక్కర్లేదు, దానంతట అదే పక్కన పెడుతుంది. సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో సమానమైన అర్హతలతో వేర్వేరు పేర్లమీద ప్రైవేటు ఉద్యోగాలకు దరఖాస్తులు పంపారు. పై కులాల పేర్లకు వచ్చినన్ని పిలుపులు దళితుల, ముస్లింల పేర్లకు రాలేదు. కాగితం మీద పేరు చూస్తేనే ఇంత తేడా వచ్చినప్పుడు, ఊరూ కాలేజీ కులసంఘం ఆధారంగా కట్టుకున్న గ్రూపుల్లోంచే ఎంపిక జరిగితే తేడా ఇంకా పెరుగుతుందనుకోవడం సబబే. తెలుగువాళ్ల ఐటీ వలస మీద షియాంగ్ బియావో 2007లో తెచ్చిన పుస్తకం ఇంకో పార్శ్వం చూపింది. హైదరాబాద్‌లోనూ సిడ్నీలోనూ తిరిగి ఆయన చేసిన పరిశోధనలో, బంధుత్వాల మీద ఆధారపడ్డ కన్సల్టెన్సీలు ప్రపంచ మార్కెట్‌కు మనుషుల్ని అందించిన తీరు, ప్రాజెక్టు లేని రోజుల నష్టం చివరికి ఆ కుర్రాళ్ల మీదే పడిన తీరు వివరంగా కనిపిస్తాయి. కంగాణీ కాలపు కథకు, దీనికి మధ్య పోలిక కొట్టొచ్చినట్టు ఉంది.

మోసానికి సందు ఎక్కడ

గ్రూపుల మీద అందరికంటే గట్టి ఆరోపణ మోసాలది. హైదరాబాద్ యువకులు సహా పలువురిని యూట్యూబ్ వీడియోలతో ఆశపెట్టి రష్యాకు పంపి, యుద్ధరంగంలోకి నెట్టిన వ్యవహారంలో 2024 మార్చిలో సీబీఐ కేసు పెట్టింది. అదే ఏడాది కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి తీసుకెళ్లి సైబర్ నేరాలు చేయించిన ముఠాల చేతుల్లోంచి విశాఖ ప్రాంతపు యువకులు బయటపడ్డారు. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు కేంద్రాల నుంచి వాయుసేన విమానాల్లో తిరిగొచ్చిన 500 మందికి పైగా భారతీయుల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. దేశంలోపల జరిగేవి ఇంత భయంకరం కాకపోయినా తక్కువేం కాదు. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ డిపాజిట్, లక్షల్లో మాట్లాడుకునే బ్యాక్‌డోర్ కొలువు, ఇలా ఒక్కొక్క పేరుతో డబ్బు లాగుతారు.

వీటిని చూసి గ్రూపులే వద్దనడం తేలిక. కానీ కాస్త లోతుగా చూస్తే ఈ మోసాలన్నింటికీ ఒకే పోలిక ఉంది. ప్రకటన పెట్టినవాడి చిరునామా ఉండదు, అడిగినదానికి గ్రూపులో అందరి ముందూ జవాబు రాదు, విడిగా మెసేజ్ చేయమంటాడు. విదేశీ కొలువుల విషయంలో 1983 వలస చట్టం దీనికి మందు ముందే రాసిపెట్టింది. రిక్రూటింగ్ ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరును ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు, ఏజెంటు తీసుకోగల రుసుముకు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ అన్న హద్దు ఉంది. దేశంలోపలి నియామకాల గ్రూపులకు అలాంటి గుర్తింపు అడిగే అలవాటే లేకపోయింది. మోసానికి సందిచ్చింది గ్రూపు కాదు, గ్రూపులో పేరూ బాధ్యతా లేని గొంతు.

అభ్యంతరాలకు సమాధానం

పల్లె యువతకు లేనిది పరిచయం కాదు, నైపుణ్యమని కొందరు నిష్ఠురంగా అంటారు. ఇందులో పాక్షిక సత్యం ఉంది. ఇంగ్లిషులో మాట్లాడలేకపోవడం, కంప్యూటర్ మీద చేయి తిరగకపోవడం నిజమైన అడ్డంకులే, టాస్క్ లాంటి సంస్థ పుట్టింది అందుకే. కానీ ఏ నైపుణ్యం ఎవరికి కావాలో తెలియకుండా నేర్చుకునే నైపుణ్యం సర్టిఫికెట్ దగ్గరే ఆగిపోతుంది. ఆ సమాచారం కూడా పరిచయాల గుండానే వస్తుంది. థోరట్, అట్వెల్ పంపిన దరఖాస్తుల్లో అర్హతలు సమానంగానే ఉన్నాయన్న సంగతినీ మరిచిపోకూడదు.

కంపెనీల అభ్యంతరం ఖర్చు గురించి. వేలమంది ఉన్న గ్రూపులో ప్రతి ఒక్కరికీ జవాబు ఇవ్వడం సాధ్యమా అని అడుగుతాయి. ఒక్కొక్కరికీ ఉత్తరం రాయమని ఎవరూ కోరడం లేదు. జీతం ఎంత నుంచి ఎంత, పని ఏ ఊళ్లో, ఖాళీలు ఎన్ని, ఎంపిక ఏ తేదీకి ముగుస్తుంది, భర్తీ అయ్యాక అయిపోయిందన్న మాట, ఈ ఐదూ గ్రూపులో ఒకసారి రాస్తే చాలు. దీనికయ్యే శ్రమ పోస్టర్ తయారుచేసే శ్రమకంటే తక్కువ. ఇంత చిన్న పని జరగకపోవడానికి ఖర్చు కారణం కాదు. అవతలివాళ్ల నిరీక్షణకు విలువ కట్టకపోవడమే కారణం.

ఆ నిరీక్షణ ఎంత ఖరీదైనదో చెప్పే ఆధారం ఉంది. ఎరిన్ కెల్లీ, క్రిస్టఫర్ క్సోల్, జెరెమీ మగ్రూడర్ మన దేశంలో వృత్తి శిక్షణ ముగించిన యువతను ఒక ఉద్యోగ పోర్టల్‌లో చేర్చి గమనించారు. పోర్టల్ నుంచి కబుర్లు వస్తుండటంతో మెరుగైన కొలువు వస్తుందన్న ఆశ పెరిగి, కొందరు అందుబాటులో ఉన్న పనికి వెళ్లకుండా ఆగారు. కొంతకాలం వాళ్లలో ఉపాధి తగ్గింది కూడా. గ్రూపులను సమర్థించేవాళ్లకు ఇది మింగుడుపడని ఫలితం. దీన్ని పక్కన పెట్టడం నిజాయితీ అనిపించుకోదు. అయితే ఇది నేర్పేది ఏమిటి? జరగని నియామకం గురించి నిజం చెప్పని వేదిక మనిషిని ఖాళీగా కూర్చోబెడుతుంది. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీ కార్డు చేసిందీ అదే. ఖాళీలు ఎన్నో, అవి ఎప్పుడు నిండాయో తెలిసిన మనిషి తన ఆశను తానే సరిదిద్దుకోగలడు. కాబట్టి ఈ ఫలితం జవాబుదారీ అక్కర్లేదని కాదు, ఇంకా ఎక్కువగా కావాలనే చెబుతోంది.

ఇదంతా ప్రభుత్వం చూసుకోవలసిన పనేనన్న మాటతో మాత్రం సగమే ఏకీభవించగలం. ప్రకటనదారు నిజమైనవాడా కాదా అని సరిచూడటం ప్రభుత్వమే చేయగలదు, చేయాలి. షిఫ్టు ముగిసేసరికి బస్సు దొరుకుతుందా అన్నదానికి జవాబు చెప్పేది మాత్రం అక్కడ పనిచేస్తున్న మనిషే. జిల్లా ఉపాధి కార్యాలయం సరిచూసిన ప్రకటన, పని చేస్తున్నవాళ్లు మాట్లాడగల గ్రూపు, ఈ రెండూ కలిసినచోటే మేలు జరిగే అవకాశం ఎక్కువ.

ఇంకా తేలనివి

ఇంత చెప్పుకున్నా కొన్ని చిక్కులు విడలేదు. అన్నిటికంటే కష్టమైనది ఆడపిల్లల విషయం. మామూలు వాట్సాప్ గ్రూపులో చేరితే ఫోన్ నంబరు అందరికీ కనబడుతుంది. ఆ భయంతోనే చాలామంది చేరరు, చేరినా నోరు విప్పరు. నంబరు కనబడకుండా ఉండే ఛానెళ్లు, ప్రకటనల గ్రూపులు వచ్చాయి. వాటిలో అడ్మిన్ మాట్లాడతాడు, మిగతావాళ్లు వింటారు. రక్షణ కావాలంటే ప్రశ్న పోతుంది, ప్రశ్న కావాలంటే రక్షణ పోతుంది. రెండింటినీ కలిపే ఏర్పాటు ఏ మాత్రం అసాధ్యం కాదు. మహిళా ఉద్యోగుల్లో ఒకరు ప్రశ్నలను విడిగా తీసుకుని, అడిగినవారి పేరు లేకుండా జవాబులను అందరికీ పెట్టవచ్చు. దానికి ఒక మనిషి సమయం ఖర్చవుతుంది, ఆ సమయానికి జీతం ఇచ్చేవాళ్లు కావాలి.

రెండోది వివరాల యాజమాన్యం. వందలమంది రెజ్యూమెలు, ఆధార్ నకళ్లు, ఫోన్ నంబర్లు గ్రూపు అడ్మిన్ ఫోన్‌లో పోగవుతున్నాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమ్మతి అడగాలని, పని తీరాక చెరిపేయాలని అంటోంది. కంపెనీకి చట్ట విభాగం ఉంటుంది కాబట్టి అది ఏదో ఒక పత్రం రాసుకుంటుంది. తొర్రూరులోనో మహబూబాబాద్‌లోనో స్నేహధర్మంగా గ్రూపు నడిపే యువకుడికి ఆ బరువు ఎలా వర్తించాలి, వర్తింపజేస్తే ఉన్న ఆ కాస్త సాయమూ ఆగిపోతుందా అన్నది ఆలోచించాల్సిన విషయం.

మూడోది కొలబద్ద. బయ్యారం ఉక్కు కర్మాగారం విభజన చట్టపు హామీల చర్చల్లోనే ఏళ్లుగా నలుగుతున్న జిల్లాలో, స్థానికంగా కొలువులే లేనప్పుడు గ్రూపులు ఏం చేయగలవన్న ప్రశ్న న్యాయమైనదే. గ్రూపు ఉద్యోగాన్ని సృష్టించదు. ఉన్న ఉద్యోగం ఎవరికి చేరుతుందన్నదాన్నే మార్చగలదు. ఆ మార్పు జరుగుతోందా లేదా తెలియాలంటే డీట్ లాంటి వేదిక మొత్తం నమోదుల అంకెతో సరిపెట్టకుండా మండలాల వారీగా చెప్పాలి: నెల్లికుదురు నుంచి ఎందరు దరఖాస్తు చేశారు, ఎందరికి ఏదో ఒక జవాబు వెళ్లింది, ఎందరు చేరారు, ఆరు నెలల తర్వాత ఎందరు ఆ పనిలో ఉన్నారు, వాళ్లలో ఆడవాళ్లెందరు, తండాల నుంచి వచ్చినవాళ్లెందరు.